గోడో జీడీస్క్రిప్ట్ లాంగ్వేజ్ సర్వర్: ఏడాది వాడిన తర్వాత

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నేను నడిపే చిన్న శిక్షణ గదిలో పదిమంది డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థులు కలిసి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మీద ఒక కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నారు. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ముందు సాగుతుండగా సిరిమానును, అంటే పూజారి కూర్చునే పొడవాటి మానును, చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు నడిపించడం ఆడేవారి పని. దీనికి మేము ఆటలు తయారుచేసే గోడో ఇంజన్‌నూ, దాని సొంత భాష అయిన జీడీస్క్రిప్ట్‌నూ ఎంచుకున్నాం. గోడోలోనే కోడ్ రాసుకునే ఎడిటర్ ఉన్నప్పటికీ, పిల్లలందరూ కాలేజీలో వీఎస్ కోడ్ అనే మరో ఎడిటర్‌కు అలవాటు పడినవారు కాబట్టి, ఆ రెండింటినీ కలిపే లాంగ్వేజ్ సర్వర్‌ను ఏడాదిగా మా కంప్యూటర్లన్నిటిలో వాడుతున్నాం.

వీఎస్ కోడ్‌కు తనంతట తానుగా జీడీస్క్రిప్ట్ తెలియదు. చుక్క పెట్టగానే ఏ పేర్లు చూపాలో, ఏ వరుసలో తప్పు ఉందో దానికి చెప్పేది లాంగ్వేజ్ సర్వరే. ఎడిటర్లూ సర్వర్లూ మాట్లాడుకునే ఈ పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2016లో అందరికీ తెరిచిపెట్టింది. చాలా భాషలకు సర్వర్ అనేది విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవలసిన ప్రోగ్రామ్. గోడోలో అలా కాదు, 2020లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి సర్వర్ గోడో ఎడిటర్ లోపలే ఉంటోంది. గోడో తెరిచి ఉంటే సర్వర్ పలుకుతుంది, మూసేస్తే పలకదు. కొత్తగా అమర్చుకునేవారికి ఎదురయ్యే చిక్కుల్లో సగానికి సగం ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లనే వస్తున్నాయని నా అనుభవం.

అమరిక నిజానికి కొద్ది నిమిషాల పని. వీఎస్ కోడ్‌లో గోడో టూల్స్ అనే ఎక్స్‌టెన్షన్ (అదనపు భాగం) వేసుకుని, దాని సెట్టింగుల్లో గోడో ప్రోగ్రామ్ ఎక్కడుందో చూపించి, ప్రాజెక్ట్ డాట్ గోడో ఫైలు ఉన్న ఫోల్డర్‌నే తెరవాలి. గోడో ఎడిటర్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ విభాగం కింద లాంగ్వేజ్ సర్వర్ పోర్టు, అంటే రెండు ప్రోగ్రాములూ కలుసుకునే చోటును తెలిపే సంఖ్య, కనిపిస్తుంది. గోడో 4లో అది 6005, గోడో 3లో 6008. మొదటి వారం ఒక కంప్యూటర్‌లో ఎంతసేపు చూసినా కనెక్షన్ కుదరలేదు. పాత ప్రాజెక్టు కోసం వీఎస్ కోడ్‌లో నేనే ఎప్పుడో రాసిపెట్టిన 6008 అలాగే ఉండిపోయిందని సాయంత్రానికి గానీ గమనించలేదు. కాబట్టి ముందు ఆ రెండు సంఖ్యలూ సరిపోలాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే మిగతావి వెతకండి. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వేరొకరి దగ్గర నుంచి కాపీ చేసుకున్న ప్రాజెక్టును ఒకసారి గోడోలో తెరిచి ఫైళ్లన్నీ చదవనివ్వండి, ఎందుకంటే మీరు పేరు పెట్టుకున్న క్లాసుల జాబితా అప్పుడే తయారవుతుంది, అది లేనిదే సర్వర్ ఆ పేర్లను గుర్తుపట్టదు.

ఈ సర్వర్ విలువ తెలియాలంటే ప్రతి వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) పక్కన అది ఏ రకానిదో, అంటే సంఖ్యా, మాటా, ఆటలోని వస్తువా అన్నది, రాయడం అలవాటు చేసుకోవాలి. జీడీస్క్రిప్ట్‌లో వేరియబుల్ ఏ రకానిదో చెప్పకుండానే రాసుకోవచ్చు, మా పిల్లలు మొదట అలాగే రాశారు. ఏనుగు జనాన్ని తాకినప్పుడు నడిచే ఫంక్షన్‌కు బాడీ అని ఒక పేరు మాత్రం ఇచ్చి, దాని పక్కన చుక్క పెడితే, పనికొచ్చే పేరు ఒక్కటీ రాలేదు. అదే పేరు తర్వాత కోలన్ పెట్టి క్యారెక్టర్‌బాడీ2డీ అని, అంటే ఆటలో కదిలే పాత్రల రకం పేరు, రాయించాను. ఈసారి చుక్క పెట్టగానే వెలాసిటీ, మూవ్ అండ్ స్లైడ్ మొదలుకొని ఆ రకానికి చెందిన పేర్లన్నీ వరుసగా దిగాయి. ‘మాస్టారూ, ఇంతసేపూ ఇవన్నీ ఎక్కడున్నాయండీ?’ అని ఒక అమ్మాయి అడిగింది. అవి ఇంజన్‌లోనే ఉన్నాయి. అది ఏ రకమో మనం చెప్పలేదు కాబట్టి సర్వర్‌కు చూపే వీలు లేకపోయింది. ప్రాజెక్ట్ సెట్టింగుల్లో, రకం రాయని చోటల్లా హెచ్చరిక వచ్చేలా పెట్టుకునే వీలుంది. శిక్షణ ఇచ్చేవారు దాన్ని మొదటిరోజే పెట్టించాలని గట్టిగా చెబుతాను.

హెచ్చరికలూ అంతే మేలు చేస్తాయి. గుడికీ కోటకూ మధ్య దారిని ఏడు గడులుగా విభజించి, సరిగ్గా సగంలో డప్పు మోగాలని ఒక అబ్బాయి ఏడును రెండుతో భాగించాడు. రెండూ పూర్ణసంఖ్యలు కావడంతో ఫలితం మూడున్నర కాకుండా మూడే వస్తుంది, డప్పు అరగడి ముందే మోగుతుంది. ఆట నడిపి చూస్తే ఆ తేడా కంటికి ఆనదు. కానీ కోడ్ రాస్తుండగానే ఆ వరుస కింద గీత పడి, దశాంశ భాగం పోతుందని సర్వర్ తెలిపింది.

మా ప్రాంతపు పిల్లలకు నేను ప్రత్యేకంగా చెప్పదలచిన సౌకర్యం ఇంకొకటి ఉంది. ఫంక్షన్‌కు పైవరుసలో రెండు హ్యాష్ గుర్తులు పెట్టి తెలుగులో వివరణ రాస్తే, ఆ ఫంక్షన్‌ను ఎక్కడ వాడినా మౌస్ దాని మీద నిలిపినప్పుడు ఆ తెలుగు వివరణ కనిపిస్తుంది. గోడో 4లో వేరియబుల్ పేర్లే తెలుగులో పెట్టుకోవచ్చు, వేగం అని రాసినా చెల్లుతుంది. అయితే ప్రతి వరుసలో కీబోర్డు మార్చుకోవడం కష్టమని మేము పేర్లు ఇంగ్లీషులో, వివరణలు తెలుగులో ఉంచుకున్నాం. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివిన ఇద్దరు విద్యార్థులు ఈ వివరణలు రాయడంలో అందరికన్నా ముందున్నారు.

లోపాలు లేవని అనను. కోడ్‌ను చక్కగా సర్దిపెట్టే పని ఈ సర్వర్ చేయదు, అది ఎక్స్‌టెన్షన్ చూసుకోవాలి. ఒకే కంప్యూటర్‌లో రెండు గోడో ప్రాజెక్టులు తెరిస్తే పోర్టు మొదటిదానికే దక్కుతుంది, రెండోదానిలో పనిచేసేవారికి అక్కడ లేని పేర్లు కనిపించి తికమక కలుగుతుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మెమరీది. గోడో, వీఎస్ కోడ్ రెండూ ఒకేసారి తెరిచి ఉంచితే 4 జీబీ ర్యామ్ ఉన్న మా పాత కంప్యూటర్లు రెండూ బరువెక్కి, టైపు చేసిన అక్షరం ఆలస్యంగా కనబడేది. గోడో 4.2 నుంచి, ఎక్స్‌టెన్షన్‌లో హెడ్‌లెస్ అనే ఎంపిక పెడితే గోడో విండో తెరవకుండా వెనుక సర్వర్ మాత్రమే నడుస్తుంది. దానితో ఒక కంప్యూటర్ తేరుకుంది, రెండోది తేరుకోలేదు.

గోడోకు, ఎక్స్‌టెన్షన్‌కు రెండింటికీ రూపాయి ఖర్చు లేదు. సర్వర్ మన కంప్యూటర్‌లోనే పలుకుతుంది కాబట్టి ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకున్నాక నెట్ అక్కరలేదు, వానల్లో కేబుల్ నెట్ పోయిన రోజుల్లో కూడా మా పని ఆగలేదు. 8 జీబీ ర్యామ్ ఉండి, వీఎస్ కోడ్ చేతికి అలవాటైనవారు నిస్సంకోచంగా అమర్చుకోవచ్చు. అంతకన్నా తక్కువ ఉన్నవారికి గోడోలోని సొంత ఎడిటరే మేలు, ఆ పేర్లూ ఆ హెచ్చరికలూ అక్కడా వస్తాయి. తేరుకోని ఆ రెండో కంప్యూటర్‌లో మేము ఇప్పుడు అలాగే పనిచేస్తున్నాం, బెస్తవారి వల కదిలే కోడంతా దాని మీదే రాశారు.