పోర్ఫైరానా, క్లామిడోమోనాసా?

నల్గొండ పానగల్లు ఉదయసముద్రం గట్టున సీసాలో పట్టిన పచ్చనీటి చుక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే, రెండు కశాభాలతో (తోకల్లాంటి పోగులతో) ఈదే ఆకుపచ్చ కణాలు కనిపించవచ్చు. క్లామిడోమోనాస్ ఇలాంటి మంచినీటి జీవే. పోర్ఫైరా సముద్రపు ఎర్ర నాచు, మన చెరువుల్లో దొరకదు. అయినా డిగ్రీ పిల్లలకు ప్లాస్టిడ్ (కణంలో కిరణజన్య సంయోగక్రియ జరిగే, సొంత డీఎన్‌ఏ ఉన్న భాగం) జన్యువులు చెప్పాలంటే మొదట పోర్ఫైరానే ఎంచుకుంటాను.

కారణం ఉంది. 1995లో వెలువడిన పోర్ఫైరా పర్ప్యూరియా ప్లాస్టిడ్ జన్యుక్రమం సుమారు 1,91,000 బేస్ జతలు (డీఎన్‌ఏ అక్షరాల జతలు). అందులో రైబోజోమ్ (ప్రోటీన్లు తయారుచేసే కణ యంత్రం) ప్రోటీన్ల జన్యువులే 40కి పైగా! చాలావరకు బాక్టీరియాలో ఉన్న వరుసలోనే, ఒకదాని వెంట ఒకటి పూసల్లా ఉన్నాయి. ప్లాస్టిడ్ ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన సయనోబాక్టీరియా (కిరణజన్య సంయోగక్రియ చేసే బాక్టీరియా) అనడానికి ఇంతకంటే కళ్లకు కట్టే సాక్ష్యం ఏముంటుంది?

క్లామిడోమోనాస్ ప్లాస్టిడ్ క్రమం ఇంకా పెద్దది, 2,03,000 పైచిలుకు. జన్యువులు మాత్రం వందలోపే, రైబోజోమ్ ప్రోటీన్లవి ఇరవైలోపు. మిగిలిన చోటులో చాలా భాగం పునరావృత ఖండాలదే. తక్కిన రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులు కేంద్రకంలో ఉన్నాయి. ప్రోటీన్లు కణద్రవ్యంలో తయారై ప్లాస్టిడ్‌లోకి చేరతాయి. అయితే ఆర్‌పీఎల్ 23, ఆర్‌పీఎల్ 2, ఆర్‌పీఎస్ 19 అనే రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులు ఇక్కడా పక్కపక్కనే నిలిచాయి. ఆ చిన్న వరుసను బోర్డు మీద పోర్ఫైరా వరుస కింద రాసి చూపించండి.