పౌడర్ కోటింగ్‌తో తొమ్మిదేళ్లు: ఎక్కడ నిలిచింది, ఎక్కడ ఊడింది

గేట్లు, మెట్ల రెయిలింగులు, ఆరుబయట వేసుకునే కుర్చీలు, గోడకు తగిలించే అరలు: మా వర్క్‌షాపులో తయారయ్యే ఇనుప సామానుకు తొమ్మిదేళ్లుగా పౌడర్ కోటింగే వేస్తున్నాం. అంటే రంగు పొడిని విద్యుదావేశంతో లోహం మీద చల్లి, ఓవెన్‌లో కరిగించి పట్టించే పూత. ఈ పూత మీద నాకు గట్టి నమ్మకం ఉంది. అది ఓవెన్‌లోంచి అప్పుడే దిగిన వస్తువులను చూసి కలిగింది కాదు. ఆ రోజు అన్నీ అందంగానే ఉంటాయి. ఏళ్ల తర్వాత మరమ్మతుకు తిరిగి వచ్చినవే నాకు ఎక్కువ నేర్పాయి.

మొదటి దెబ్బ పౌడర్ ఎంపికలోనే తగిలింది. నునుపు బాగా వస్తుందని ఎపాక్సీ, పాలియెస్టర్ అనే రెండు రెజిన్లు (పొడి కరిగి పొరగా గట్టిపడేలా చేసే పదార్థాలు) కలిసిన హైబ్రిడ్ రకాన్ని ఆరుబయటి కుర్చీలకు వేశాం. ఏడాది తిరగకుండానే నల్లరంగు వెలిసి బూడిదబారింది. వేలితో రుద్దితే సుద్దపొడిలా అంటుకుంది. అయినా కింద ఎక్కడా తుప్పు లేదు, పూత లోహాన్ని గట్టిగానే పట్టుకుని ఉంది. ఎపాక్సీ తేమను, రసాయనాలను బాగా తట్టుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మాత్రం ఓర్చుకోలేదు. అప్పటి నుంచి ఎండ తగిలే ప్రతిదానికీ పాలియెస్టరే వేస్తున్నాం. గది లోపలి అరలకు ఇప్పటికీ హైబ్రిడ్ వాడుతున్నాం, అక్కడ దానికి వంక పెట్టలేను. రంగు, మెరుపు మాత్రమే చూసి పౌడర్ కొనేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. ముందు అడగవలసింది అందులోని రెజిన్ ఏదని.

పాలియెస్టర్ వేసిన గేట్లు ఏడేళ్ల తర్వాత కూడా ఎదురుగా చూస్తే బాగున్నాయి. మెరుపు కాస్త తగ్గింది, అంతే. తుప్పు కనిపించింది అంచుల దగ్గర. కరిగిన పౌడర్ పదునైన అంచు మీద నిలవదు. తలతన్యత వల్ల రెండు పక్కలకూ లాక్కుపోయి అంచును పలచగా వదిలేస్తుంది. రేకు నడుమ 70, 80 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కొలిచి సంతోషపడినా, తుప్పు వెతుక్కునేది ఆ పలచని గీతనే. ఆక్సిజన్‌తో లేజర్ కటింగ్ చేసిన రేకులతో ఇంకో చిక్కు ఉంది. కోసిన అంచు మీద సన్నని ఆక్సైడ్ పొర మిగిలిపోతుంది. పూత ఆ పొరను అంటుకుంటుంది, పొర లోహాన్ని వదిలేస్తుంది. అలా రిబ్బనులా ఊడిన పూతను నా చేత్తోనే లాగాను. ఇప్పుడు ప్రతి అంచునూ గ్రైండింగ్ చేసి, ఆక్సైడ్ తీసేసి, సుమారు 2 మిల్లీమీటర్ల గుండ్రం తెచ్చాకే ముందుకు పంపుతాం. పనిగంటలు పెరిగాయి. కానీ అంచు దగ్గర ఊడిందని వచ్చే ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి.

జిడ్డు తీయడం, కడగడం, ఫాస్ఫేటింగ్ (పూత బాగా పట్టేందుకు లోహం మీద సన్నని ఫాస్ఫేట్ పొర తేవడం) గురించి అందరూ చెప్పేదే నేనూ చెబుతాను: ఇందులో ఒక్క అంచె తగ్గించినా పూత క్షమించదు. కడిగిన రేకు మీద నీరు ఒకే పొరగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు, చుక్కలుగా విడిపోతే ఇంకా ఉన్నట్టు. మాకు చాలాకాలం అంతుపట్టని సంగతి గొట్టాలది. వెల్డింగ్‌లో మిగిలిన సన్నని సందులోంచి లోపలికి చేరిన కడిగే ద్రావణం ఓవెన్ వేడికి పొంగి బయటికొచ్చి, జాయింటు చుట్టూ మరకలు చేసేది. ఇప్పుడు కనిపించని వైపు నీరు దిగడానికి రంధ్రాలు వేస్తున్నాం.

పౌడర్ చల్లే గన్ పట్టేవాళ్లు లోతైన మూలల్లో పౌడర్ పడకపోతే ఇంకా ఎక్కువ చల్లుతారు. నేనూ అదే చేశాను. విద్యుత్ క్షేత్రం బయటి అంచుల దగ్గరే గుమిగూడుతుంది కాబట్టి పౌడరంతా అక్కడే చేరి, మూల ఖాళీగా మిగులుతుంది. వోల్టేజీ, గాలి తగ్గించి ముందు మూలలు పూర్తి చేస్తే పని సులువవుతుంది. వస్తువులను వేలాడదీసే, పాత పూత పేరుకున్న కొక్కేలను శుభ్రం చేయండి. వాటివల్ల ఎర్త్ అందకపోతే ఎంత మంచి గన్ అయినా వృథా.

ఓవెన్ విషయంలో నాకు ఇప్పటికీ కోపం తెప్పించే మాట ఒకటుంది: "200 డిగ్రీల్లో పది నిమిషాలు పెట్టాం కదా!" ఆ పది నిమిషాలు లోహం ఆ వేడికి చేరాక లెక్కించాలి. పలచని గొట్టానికీ, దాని అడుగున వెల్డింగ్ చేసిన 10 మిల్లీమీటర్ల ప్లేటుకూ ఆ క్షణం ఒకేసారి రాదు. సరిగా ఉడకని పూత కంటికి ఏ లోపమూ చూపించదు, చిన్న దెబ్బకే పెచ్చులూడుతుంది. అలాంటి టేబుల్ కాళ్లు తిరిగొచ్చాకే ప్లేటుకు ఉష్ణోగ్రత కొలిచే తీగ బిగించడం మొదలుపెట్టాం.

ఈ పూతలో నాకు నిజంగా నచ్చనిది గీత పడితే చేసే మరమ్మతు. బిగించిన చోట మళ్లీ పౌడర్ వేయలేం, ద్రవ రంగుతోనే సరిపెట్టాలి. అతుకు వేసినట్టు కనిపిస్తుంది, మెటాలిక్ రంగుల్లో మరీను. అందుకే రెయిలింగులను ఇప్పుడు బోల్టులతో కలిపేలా తయారుచేస్తున్నాం. కోటింగ్ అయ్యాక వాటికి వెల్డింగ్ మంట తగలనివ్వం.