ఆల్పీన్ ఏ110: నాలుగేళ్లకు పైగా నడిపాక నా మాట

1995లో ఆగిపోయిన ఆల్పీన్ అనే ఫ్రెంచ్ స్పోర్ట్స్ కార్ల పేరును రెనో కంపెనీ 2017లో ఏ110 అనే కారుతో మళ్లీ రోడ్డెక్కించింది. ఆ ఏ110ను నేను ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో నాలుగేళ్లకు పైగా నడుపుతున్నాను. వారాంతం షికార్లకే కాదు, ఆఫీసుకీ ఇదే బండి. పిల్లల కోసం ఇంట్లో ఇంకో కారు ఉంది, అది వేరే సంగతి. ఇన్నాళ్లు నడిపాక నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. ఆగిపోయిన పేరును మళ్లీ లేపాలంటే పాత లోగో, పాత ఆకారం సరిపోవు. జనం ఆ బండిని ఏ గుణం చూసి ఇష్టపడ్డారో ఆ గుణం తిరిగి రావాలి. ఆల్పీన్ విషయంలో ఆ గుణం బరువు తక్కువగా ఉండడం. ఈ బండి దాన్ని నిజంగా తిరిగి తెచ్చింది.

కొంచెం వెనక్కి వెళ్లాలి. నార్మండీ తీరంలో దియెప్ అనే ఊళ్లో జాన్ రెదెలె అనే ఆయనకు రెనో డీలర్‌షిప్ ఉండేది. చిన్న రెనో 4సీవీని రేసులకు తిప్పుతూ, శక్తి పెంచడం కన్నా బరువు తగ్గిస్తే కొండదారుల్లో ఎక్కువ లాభమని పట్టుకున్నాడు. 1955లో సొంత కంపెనీ పెట్టాడు. ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, మధ్యలో వెన్నెముక లాంటి ఉక్కు ఛాసిస్, వెనక ఇంజన్. అలా తయారైన పాత ఏ110, 1973 మాంటే కార్లో ర్యాలీలో మొదటి మూడు స్థానాలూ తీసుకుంది. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ మొదలైంది ఆ ఏడాదే, కంపెనీల టైటిల్ కూడా ఆల్పీన్‌కే వచ్చింది. తర్వాత రెనో చేతికి వెళ్లింది. బళ్లు మెల్లగా పెద్దవయ్యాయి, అమ్మకాలు తగ్గాయి, చివరికి ఏ610 అనే మోడల్‌తో పేరు ఆగిపోయింది. కానీ దియెప్ ఫ్యాక్టరీని మాత్రం మూసేయలేదు. ఇన్నేళ్లూ అక్కడ రెనో స్పోర్ట్ బళ్లు తయారవుతూనే ఉన్నాయి. పని తెలిసిన చేతులు, ఫ్యాక్టరీ, ఊరు అక్కడే ఉన్నాయి కాబట్టే ఈ పునరుద్ధరణ నిలబడిందని నేను నమ్ముతాను. నా బండి కూడా ఆ ఊళ్లోనే తయారైంది.

కొత్త ఏ110 పాతదానికి నకలు కాదు. ఇంజన్ ఇప్పుడు సీట్ల వెనక, వెనక చక్రాల ముందు ఉంది. ఒళ్లు, ఛాసిస్ దాదాపు అంతా అల్యూమినియం. మొదటి విడత బళ్ల బరువు 1,103 కిలోలు. దీనికి పోటీగా చెప్పుకునే పోర్షే 718 కేమన్ 1,300 కిలోల పైమాటే. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే చిన్న చిన్న చోట్ల కనిపిస్తుంది. సబెల్ట్ వాళ్ల సీటు ఒక్కొక్కటి 13.1 కిలోలే. హ్యాండ్‌బ్రేక్‌కు విడిగా క్యాలిపర్ (బ్రేకు బిగించే భాగం) పెట్టకుండా వెనక బ్రేకులోనే కలిపేసి మరి కొన్ని కిలోలు తగ్గించారు. గ్లవ్‌బాక్స్ లేదు. ముందు టైర్లు 205 మిల్లీమీటర్లు, అంటే మామూలు ఫ్యామిలీ కారుకు ఉండేంత వెడల్పే. బండి తేలికైతే చిన్న బ్రేకులు, సన్న టైర్లు, మెత్తటి స్ప్రింగులు సరిపోతాయి. అవి మళ్లీ ఇంకొంచెం బరువు తగ్గిస్తాయి. అప్పట్లో ఈ ప్రాజెక్టుకు చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన డేవిడ్ ట్వోహిగ్ బృందం ఈ లెక్కను చివరిదాకా వదల్లేదు.

రోజూ నడిపేవాడికి దీని వల్ల ఒరిగేదేంటి? మొదట సస్పెన్షన్ గురించి చెప్పాలి. స్పోర్ట్స్ కారంటే నడుము విరిగేలా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఏ110 అలా ఉండదు. ముందూ వెనకా డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టే అమరిక), చివర్లో కుదుపును నూనె ఒత్తిడితో ఆపే హైడ్రాలిక్ స్టాపులు ఉండడం వల్ల స్ప్రింగులు మెత్తగా పెట్టగలిగారు. గ్రెనోబుల్ వీధుల్లోని స్పీడ్‌బ్రేకర్లు, ట్రామ్ పట్టాలు దాటేటప్పుడు మా ఫ్యామిలీ కారు కన్నా ఇదే సుఖంగా అనిపిస్తుంది. ఊరు దాటి షార్త్రూజ్ కొండల్లో కోల్ ద పోర్త్ వైపు ఎక్కితే అసలు విషయం తెలుస్తుంది. మలుపులో బండి కొద్దిగా ఒరుగుతుంది. ఆ ఒరిగే తీరును బట్టే టైరుకు ఇంకా ఎంత పట్టు మిగిలిందో నడుముకు తెలిసిపోతుంది. గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంలో, చట్టం దాటకుండానే, నడపడంలోని ఆనందం మొత్తం దొరుకుతుంది. నాలుగు వందల హార్స్‌పవర్ బళ్లలో ఇది దొరకదు. వాటికి సంతోషం కలిగే వేగం వచ్చేసరికి లైసెన్సు పోయే వేగం కూడా వచ్చేస్తుంది.

ఇంజన్ 1.8 లీటర్ల టర్బో, 252 హార్స్‌పవర్. సున్నా నుంచి వందకు 4.5 సెకన్లు. గేర్‌బాక్స్ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, మాన్యువల్ ఇవ్వలేదు. అది ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ట్రాఫిక్‌లో మాత్రం ఈ ఆటోమేటిక్ ప్రాణానికి హాయి. పెట్రోలు నాకు సగటున వంద కిలోమీటర్లకు ఏడు లీటర్ల చుట్టుపక్కల పడుతోంది. కొండల్లో గట్టిగా నడిపితే తొమ్మిది దాటుతుంది. 45 లీటర్ల ట్యాంకు చిన్నదే కానీ ఈ ఖర్చుకు సరిపోతుంది. ఫ్రాన్స్‌లో 2022 నుంచి బరువైన కొత్త బళ్ల మీద అదనపు పన్ను ఉంది. ఆ పన్ను ఈ బండి దరిదాపుల్లోకి రాదు.

సామాను సంగతి. ముందు బానెట్ కింద వంద లీటర్లు, వెనక డిక్కీ 96 లీటర్లు. ముందుది వెడల్పుగా ఉన్నా లోతు తక్కువ. చిన్న క్యాబిన్ పెట్టె పడుకోబెడితే పడుతుంది. వెనకది ఇంజన్‌ను ఆనుకుని ఉంటుంది కాబట్టి వేడెక్కుతుంది. లియాన్ వెళ్లి ఇండియన్ షాపులో సరుకులు తెచ్చుకునేటప్పుడు నా పద్ధతి ఇది: బియ్యం బస్తా, పప్పులు వెనక, కరివేపాకు, పెరుగు, కూరగాయలు ముందు. వెనక పెడితే ఇంటికొచ్చేసరికి కరివేపాకు వాడిపోయి ఉంటుంది. లోపల కప్ హోల్డర్ ఒక్కటే, అదీ చెయ్యి వెనక్కి తిప్పితే గాని అందదు. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు అమ్మకు ఈ బండి దిగడం చాలా కష్టమైంది. "ఇంత కిందికి కూర్చోబెట్టి మళ్లీ లేవమంటే ఎట్లారా" అంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఇందులో ఎక్కించకండి. నాన్నను మాత్రం వెర్కోర్ కొండల్లో కోంబ్ లవాల్ వైపు తీసుకెళ్లాను. కొండచరియను తొలిచి వేసిన ఆ దారిలో ఆయన కిటికీ దించి మాట్లాడకుండా కూర్చున్నాడు.

చలికాలం గురించి చాలామంది అడుగుతారు. ఇక్కడి కొండ ప్రాంతాల్లో నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా వింటర్ టైర్లు గానీ, గొలుసులు గానీ ఉండాలన్న నిబంధన 2021 నుంచి అమల్లో ఉంది. నేను వింటర్ టైర్లే వేయిస్తాను. ఇంజన్ బరువు వెనక చక్రాల మీద ఉండడం వల్ల ఎత్తు ఎక్కడంలో ఇబ్బంది లేదు. తాజా మంచు దట్టంగా ఉంటే మాత్రం బండి కింద రాసుకుంటుంది, ఆ రోజు తీయను.

సర్వీస్ విషయంలో నాకు టెన్షన్ ఉండేది. చిన్న బ్రాండు, పాత పేరు, స్పేర్‌పార్ట్ ఎక్కడ దొరుకుతుంది? నా అనుభవంలో మాత్రం ఇంజన్, బ్రేకులు, సెన్సార్లు లాంటి మామూలు వాటితో పెద్ద చిక్కు రాలేదు. మెకానికల్ సామానులో చాలా భాగం రెనో గ్రూప్‌దే, ఆల్పీన్ షోరూములు కూడా రెనో డీలర్ల దగ్గరే నడుస్తున్నాయి. ఇబ్బంది ఒకచోట వచ్చింది. బయట ఒక టైర్ల షాపులో టైర్లు మార్పించి వీల్ అలైన్‌మెంట్ చేయించాను. వాళ్లు ఈ బండి కొలతలు చూడకుండా చేసేశారు. వెనక టైర్లు లోపలి అంచున తొందరగా అరిగిపోయాయి. అప్పటి నుంచి అలైన్‌మెంట్‌కు ఈ బండి తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్తున్నాను. కాస్త ఖర్చు ఎక్కువే, కానీ కొత్త టైర్ల ధరతో పోలిస్తే నయం.

పెద్ద గ్రూప్ అండ ఎంత అవసరమో బోర్గ్‌వార్డ్ కథ చూస్తే తెలుస్తుంది. 1961లో దివాలా తీసిన ఆ జర్మన్ కంపెనీ పేరును 2015లో చైనా కంపెనీ ఫోటాన్ డబ్బుతో లేపారు. వ్యవస్థాపకుడి మనవడు ముందుండి నడిపించాడు. బ్రెమెన్‌లో ఫ్యాక్టరీ పెడతామన్నారు. వచ్చినవి మామూలు ఎస్‌యూవీలు. జర్మనీలో ఆ పేరు గుర్తున్న తరం కొనే వయసు దాటిపోయింది, కొత్త తరానికి ఆ బండిలో వేరే ఏముందో చెప్పేవాళ్లు లేరు. 2022లో మళ్లీ దివాలా. మేబాక్ అనే పాత విలాస కార్ల పేరును మెర్సిడెస్ 2002లో విడి బ్రాండుగా తెచ్చి, పదేళ్లకే ఆపేసి, తర్వాత తన సొంత మోడళ్లకే ఆ పేరు జోడించింది. ఇటలీ కంపెనీ లాన్సియా కొత్త కారు ఇప్సిలాన్ 2024లో వచ్చింది. చూడ్డానికి బాగుంది, కానీ కింద ఉన్నది ప్యూజో 208 కారుతో పంచుకున్న వేదికే (ప్లాట్‌ఫాం, అంటే బండి అడుగు నిర్మాణం). ఒకప్పటి ర్యాలీ లాన్సియాను తలుచుకునేవాళ్లకు అది చాలదు. ఆల్పీన్‌కు మాత్రం ప్రత్యేకంగా కొత్త అల్యూమినియం వేదికే కట్టారు. ఏటా అమ్ముడయ్యే బళ్లు కొన్ని వేలే అని తెలిసి కూడా ఆ ఖర్చు పెట్టారు, నాకు అందుకే వీళ్ల మీద గౌరవం.

ఇక్కడి జనానికి ఈ పేరు ఎంత దగ్గరో పెట్రోలు బంకులో తెలుస్తుంది. డెబ్బై దాటిన పెద్దాయన ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, మా బాబాయికి పాతది ఉండేది, ఫలానా ర్యాలీ రోడ్డు పక్కన నిలబడి చూశాం అని మొదలుపెడతారు. మన ముఖం చూసి ఇండియా నుంచా అని అడిగి, ఇంకా సంతోషంగా ఆ రోజుల కథ చెబుతారు. 2022 నుంచి జాందర్మరీ పోలీసులు కూడా హైవే గస్తీకి ఈ ఏ110నే వాడుతున్నారు.

లోపాలు ఇంకో రెండు చెప్పాలి. మొదటి బళ్లలో స్క్రీన్ నెమ్మది, ఐఫోన్‌ను స్క్రీన్‌కు కలిపే కార్‌ప్లే లేదు. కార్‌ప్లే 2022 మార్పులతో వచ్చింది. లోపల కొన్ని స్విచ్చులు, స్టీరింగ్ వెనక మీటలు మామూలు రెనోలో ఉండేవే. మొదటి విడత 58,500 యూరోలకు అమ్మారు, ఆ ధరకు అవి చేతికి తగలడం నచ్చదు. మోటర్‌వే మీద 130 వేగంలో టైర్ల మోత ఎక్కువ, రెండు గంటలు దాటితే పాటలు వినడం మానేస్తాను.

2026లో ఈ ఏ110 ఉత్పత్తి ఆపుతామని కంపెనీ ప్రకటించింది. తర్వాతది ఎలక్ట్రిక్. ఇప్పటికే వచ్చిన ఏ390 ఎలక్ట్రిక్ కారు దియెప్‌లోనే తయారవుతోంది, కానీ బరువు రెండు టన్నుల పైనే. ఎలక్ట్రిక్ అంటే నాకు వ్యతిరేకత లేదు. రాబోయే ఎలక్ట్రిక్ ఏ110 ఎంత బరువుంటుందో చూశాకే నేను దాని గురించి ఆలోచిస్తాను.

యూరప్‌లో ఉన్న మనవాళ్లు ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే, కార్‌ప్లే కావాలంటే 2022 తర్వాతిది వెతకండి. సబెల్ట్ బకెట్ సీట్లు నడుముకు సరిపడతాయో లేదో కనీసం అరగంట కూర్చుని చూడండి, లేదంటే సర్దుబాటు సీట్లున్న లెజాండ్ మోడల్ తీసుకోండి. వెనక టైర్ల లోపలి అంచులు చేత్తో తడిమి చూడండి. వీలైతే 18 అంగుళాల చక్రాలు, మామూలు ఛాసిస్ ఉన్నదే ఎంచుకోండి. గట్టి స్ప్రింగులున్న ఎస్ మోడల్ ట్రాక్‌కు మంచిదే, రోజూ ఆఫీసుకు వెళ్లడానికి మాత్రం నేను దాన్ని తీసుకోను.