ఆర్‌ఎక్స్ 100కి పెట్రోల్ అందట్లేదా? కార్బురేటర్ కడిగించాలా, కొత్తది వేయించాలా?

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగింది. అయినా విజయనగరం, శ్రీకాకుళం రోడ్ల మీద ఆ చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. అలాంటి బండి నిలబెట్టినప్పుడు బాగానే ఆడి, స్పీడు పెంచితే ఆగిపోతుంటే ముందు కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) జోలికి వెళ్లకండి. ఇంజిన్ చల్లారాక ట్యాంకు నుంచి కార్బురేటర్‌కి వచ్చే పెట్రోల్ పైపు ఊడదీసి, సీసాలో పెట్టి, పెట్రోల్ ట్యాప్ తిప్పండి (బీడీ, సిగరెట్ దగ్గరికి రానీయకండి). ధార సన్నగా ఉంటే ట్యాంకు మూత తీయండి. అప్పుడు ధార పెరిగితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. పెరగకపోతే ట్యాప్ జాలీ చూడాలి. ధార మొదటి నుంచీ బాగుంటేనే కార్బురేటర్ సంగతి.

కడిగించడం చవక. జెట్‌లు (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలున్న ముక్కలు) విప్పి గాలి కొట్టిస్తే చాలాసార్లు పని అయిపోతుంది. జెట్‌లో తీగ మాత్రం పెట్టనివ్వకండి, రంధ్రం పెద్దదై మైలేజీ పడిపోతుంది. కళింగపట్నం లాంటి తీరం ఊళ్లలో ట్యాంకు తుప్పు కూడా చూసుకోవాలి. తుప్పు ఉండగా కొత్త కార్బురేటర్ వేసినా మళ్లీ మూసుకుపోతుంది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది.

స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే కార్బురేటర్‌లో పైకి లేచే ముక్క) అరిగినా, మరలు పోయినా, పెట్రోల్‌ని ఆపే నీడిల్ మార్చాక కూడా పెట్రోల్ పొంగుతున్నా కొత్తదే దారి. అయితే చవక నకిలీ కంటే మంచి పాత మికుని కంపెనీ కార్బురేటర్ నయం అంటాను. నకిలీలో జెట్ సైజు తగ్గితే పెట్రోల్ చాలక ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.