ఆటోనగర్‌లో జీపు బేరింగులు కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

నిన్న సాయంత్రం నా జీపు మినీ లారీ ఎక్కి ఇంటికొచ్చింది. చేతుల గ్రీజు ఇంకా వదల్లేదు, కోపం అసలే వదల్లేదు. షాపు పేరు రాయను. విజయవాడ ఆటోనగర్‌లో పాత జీపుల సామాన్లు కొనేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

నాది మహీంద్రా ఎమ్మెమ్ 540 జీపు. ముందు చక్రాలు గుయ్‌మంటున్నాయని రెండు వైపులా లోపలివి, బయటివి కలిపి నాలుగు బేరింగులు కప్పులతో, అంటే బయటి రింగులతో సహా కొన్నాను. ఒక్కోటి 850, మొత్తం 3,400. "ఒరిజినలేనా అన్నా?" అంటే "మన దగ్గర వేరేది ఉండదు తమ్ముడూ" అన్నాడు షాపాయన. బిల్లు అడిగితే ఎస్టిమేట్ అని అచ్చేసిన చీటీ ఇచ్చాడు. పుచ్చుకున్నాను, మహాజ్ఞానిని కదా.

ఆదివారం ఇంట్లోనే వేశాను. కొత్త కప్పుల్ని ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా తడుతూ చక్రం మధ్యనుండే హబ్బులో అడుగు తగిలేదాకా దింపాను. రోలర్ల మధ్యకి అరచేత్తో గ్రీజు ఎక్కించాను. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి వదిలి, లాక్ వాషర్ మడిచాను. తప్పు పనిలో లేదని చెప్పడానికే ఇదంతా. నా తప్పు వేరే ఉంది. గ్రీజు పెట్టేముందు పెట్రోలు గుడ్డతో తుడిస్తే కోను (బేరింగు లోపలి రింగు) మీది కంపెనీ పేరు గుడ్డకు అంటుకుని వచ్చేసింది! ఒరిజినల్ దాని మీదైతే అక్షరాలు లోహంలో చెక్కి ఉంటాయి, తుడిస్తే పోవు. అది తెలిసీ, మళ్ళీ ఆటోనగర్ ఎవడు వెళ్తాడులే అని బిగించేశాను.

పదకొండో రోజు మారేడుమిల్లి ఘాట్ దిగి వస్తుంటే, రంపచోడవరం రాకముందే కుడి చక్రం కూత పెట్టింది. హబ్బు దగ్గరికి చెయ్యి తీసుకెళ్తేనే సెగ. లోపలి బేరింగులో రోలర్లను పట్టి ఉంచే కేజ్ ముక్కలైపోయింది, చక్రాన్ని మోసే స్పిండిల్ నీలంగా కమిలిపోయింది.

ఇవాళ పొద్దున ఆ ముక్కలు సంచిలో వేసుకుని ఆ షాపుకే వెళ్ళాను. ఆయన సంచి వైపు చూడనైనా చూడలేదు. "ఇంట్లో వేసుకున్నారా? ఇంకేం మేస్టారూ, సుత్తితో బాదుంటారు. ఫోన్లో వీడియోలు చూసి చేసే పని కాదండీ ఇది." కొన్న రోజు తమ్ముణ్ణి, ఇవాళ మేస్టార్ని. కుర్రాళ్ళు నవ్వారు. సరే, అదీ పడ్డాను. అంతలో ఎవరో మెకానిక్ వచ్చి అదే బేరింగు అడిగాడు. ఈయన తలెత్తకుండా, "ఒరిజినలా, డూప్లికేటా?" అన్నాడు. నేనక్కడ నిలబడి ఉండగానే! "డూప్లికేటే ఇవ్వు" అంటే కుర్రాడు ఏ అరలోంచి తీశాడో తెలుసా? నాకు తీసిచ్చిన అరలోంచే. అదే పెట్టె, అదే రంగు. అతని దగ్గర 300 తీసుకున్నాడు.

"మరి ఇదేంటి?" అంటే, "మీది వేరే లాటు" అని ఫోన్ ఎత్తుకున్నాడు. నేనేమన్నానంటారా? ఏమీ అనలేదు. సంచి పట్టుకుని వచ్చేశాను. అదే ఇంకా మండుతోంది.

కొనేవాళ్ళు పెట్రోలు గుడ్డ ఒకటి వెంట తీసుకెళ్ళండి, కౌంటర్ దగ్గరే తుడిచి చూడండి. జీఎస్టీ బిల్లు ఇవ్వనంటే వచ్చేయండి. బేరింగుల కంపెనీ ఎస్కేఎఫ్ వాళ్ళకైతే ఫోటోలు పంపి అసలుదో నకిలీదో కనుక్కునే యాప్ కూడా ఉంది.

ఎడమ చక్రంలో ఇంకా వాడిచ్చినవే ఉన్నాయి. రేపు విప్పాలి.