సిస్కో కిడ్, లోన్ రేంజర్: ముందు ఎవరి కథ వినాలి?

పాత అమెరికన్ రేడియోలో మంచి మనసున్న బందిపోటు కథ కోసం వెతికితే లోన్ రేంజర్, సిస్కో కిడ్ అనే రెండు పేర్లు తప్పకుండా తగులుతాయి. రెండూ అరగంట నాటకాలే. రెండింటిలోనూ ఒక హీరో, ప్రాణమిచ్చే నేస్తం ఒకడు, చెరో గుర్రం. నా ఓటు సిస్కోకే.

లోన్ రేంజర్ 1933 జనవరిలో డెట్రాయిట్ రేడియో స్టేషన్ నుంచి మొదలైంది. ఆరుగురు టెక్సస్ రేంజర్లను (టెక్సస్ రాష్ట్ర పోలీసులను) ఒక ముఠా మాటువేసి కాల్చేస్తే ఒక్కడే మిగులుతాడు. అతని ఆదివాసీ నేస్తం టోంటో అతన్ని బతికించి, ముఠాకి అనుమానం రాకుండా ఆరో సమాధి కూడా తవ్వుతాడు. అక్కణ్ణుంచి ముఖానికి ముసుగు. కొత్త ఊళ్లో జనం దొంగ అనుకుంటారు, అతని గుర్తయిన వెండి తూటా చూడగానే నమ్ముతారు. కథ ఎంత బాగున్నా అతను చట్టం మనిషే. ముసుగు ఒక్కటే దొంగది.

సిస్కోకి ఆ వెసులుబాటు లేదు, చట్టం అతని వెంటపడుతుంటుంది. షెరీఫ్ (ఆ ప్రాంతపు పోలీసు అధికారి) దగ్గరికొచ్చేస్తున్నాడని అతని నేస్తం పాంచో కంగారుపడటంతోనే నాటకం మొదలవుతుంది. పేదవాడి భూమి కాజేసేవాణ్ణి పట్టుకోవాలి, తను మాత్రం పట్టుబడకూడదు. ఈ రెండు వైపుల టెన్షన్ లోన్ రేంజర్‌లో దొరకదు. అమెరికన్ కథారచయిత ఓ. హెన్రీ 1907లో రాసిన కథలో ఈ సిస్కో కిడ్ కరడుగట్టిన హంతకుడు. తనకు ద్రోహం చేసిన ప్రియురాలిని ఆమె కొత్త ప్రియుడి చేతులతోనే చంపిస్తాడు. అలాంటివాణ్ణి ముందు సినిమాలు, 1942 నుంచి రేడియో పేదల పక్షం నిలబెట్టాయి. ఆ రోజుల్లో ఒక మెక్సికన్ హీరోగా వినిపించడం నాకు చాలా పెద్ద విషయం.

నాటకం నడిపే నేర్పులో మాత్రం లోన్ రేంజరే మేలు. 1941లో హీరోకి గొంతిచ్చే ఎర్ల్ గ్రేజర్ కారు ప్రమాదంలో చనిపోయాడు. బృందం ఏం చేసిందంటే, కథలో హీరోకి గాయమైందని చెప్పి కొన్ని ఎపిసోడ్ల పాటు అతన్ని దాదాపు మాట్లాడనివ్వలేదు. భారమంతా టోంటో మోశాడు. ఆ తర్వాత బ్రేస్ బీమర్ గొంతు వచ్చింది. దొరికితే ఆ ఎపిసోడ్లు వరసగా వినండి. మన చెవికి ఆకాశవాణి నాటకాలు అలవాటే కాబట్టి, గొంతు మారితే ఎంత ఇబ్బందో వేరే చెప్పక్కర్లేదు.

రెండింటిలోనూ నన్ను బాధపెట్టేది ఒకటే: టోంటో, పాంచోల చేత పలికించిన వచ్చీరాని ఇంగ్లీషు. టోంటోకి గొంతిచ్చిన జాన్ టాడ్ ఆదివాసీ కూడా కాదు. పిల్లలతో కలిసి వింటే ఈ మాట వాళ్లకి చెప్పాలి.

అమెరికన్ యాస ఇంకా పట్టుబడనివాళ్లు లోన్ రేంజర్‌తో మొదలుపెట్టొచ్చు, వ్యాఖ్యాత కథంతా విడమరిచి చెబుతాడు. మిగతావాళ్లు జాక్ మేథర్ సిస్కోగా చేసిన ఎపిసోడ్లు ముందు వినండి.