సకలేశపుర కొండమీది హోమ్‌స్టే: మూల గది దొరికితేనే వెళ్లండి

ఈ హోమ్‌స్టేలో గదులు నాలుగు. హేమావతి నది లోయ కనబడేది మూల గదికే. మిగతావాటి కిటికీ తీస్తే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, అంతే. ఫొటోలు మాత్రం అన్నీ మూల గది వరండావే పెట్టారు! మేము ఫోన్లో గట్టిగా అడిగి అదే తీసుకున్నాం. మూడు పూటలా తిండితో మనిషికి 2,400.

బెంగళూరు నుంచి దాదాపు 220 కిలోమీటర్లు. నెలమంగల దాటాక హాసన్ మీదుగా సకలేశపుర దాకా ఇబ్బంది లేదు. చివర తోటల్లోంచి ఎక్కే మట్టిదారిలో మాత్రం వాళ్ల జీపే దిక్కు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు జీపు దిగుతూ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. పైగా జీపుకి 800 విడిగా తీసుకున్నారు. బుకింగప్పుడు ఆ మాటే ఎత్తలేదు.

డిసెంబరు కదా, పొద్దున ఏడింటికి లోయంతా మంచే, నది జాడే లేదు. ఎండెక్కేకొద్దీ ముందు అవతలి వాలులో కోతకొచ్చిన వరిమళ్లు, ఆ తర్వాత వాటి కింద వంపు తిరిగిన నీళ్లు బయటపడ్డాయి. ఈ నదికే గొరూరు దగ్గర ఆనకట్ట ఉంది, అది దాటి పోయి కావేరిలో కలుస్తుంది. అంటే బెంగళూరు కుళాయిల్లో వచ్చేదాంట్లో దీని వాటా కూడా ఉందన్నమాట. మా మారతహళ్లి అపార్ట్‌మెంటుకి వచ్చేది ట్యాంకరే అనుకోండి, అది వేరే కథ.

వంట ఇంటావిడే చేస్తారు. సోయకూర, కొబ్బరికోరు కలిపిన బియ్యప్పిండిని పెనం మీదే తడిచేత్తో పల్చగా తట్టి, అంచులు ఎర్రబడ్డాక తీసి నేరుగా కంచంలో వేస్తారు. అన్నం లేనిదే పూట గడవని మా అత్తగారు ఆ అక్కి రొట్టెలోకి తన ఆవకాయ సీసా తీశారు. ఇంటావిడా ఓ ముక్క నంజుకుని, "ఇంకొంచెం వెయ్యండమ్మా" అన్నారు. ఇక ఇద్దరూ వంటింట్లోంచి బయటికి వస్తే ఒట్టు.

వేణ్ణీళ్లు కట్టెల పొయ్యి మీద కాగాలి, అరగంట ముందే చెప్పుకోవాలి. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, అడిగితే మార్చారు. సాయంత్రం కరెంటు పోతే ఒక్క బల్బు వెలుగుతుంది, ఫోన్ ఛార్జింగ్ ముందే పెట్టుకోండి. తిరుగుదారిలో, 1792లో టిప్పు కట్టించిన నక్షత్రాకారపు మంజరాబాద్ కోట చూడొచ్చు, మెట్లెక్కే ఓపికుంటే. వానాకాలంలో మాత్రం తోటల నిండా జలగలే, పిల్లలతో వద్దు.